బ్యూరెట్ ఎవరి చేతిలో?

చెల్లెమ్మలూ, పిల్ల ఐదో తరగతి గట్టెక్కిందంటే మా గుణుపురంలో ఇంటింటా ఇదే తర్జనభర్జన: ఆడపిల్లల బడికి పంపాలా, అందరూ కలిసి చదివే బడికా? "ఎదిగే పిల్లని మగపిల్లల మధ్య కూచోబెడతావేటి?" అంటుంది అత్తగారు. "రేపు ఇంజనీరింగులో కలిసే కూచోవాలి కదత్తా" అంటుంది కోడలు. నిజమే, ఊళ్లోనే ఇంజనీరింగ్ చదువు చెప్పే జీఐఈటీ ఉందాయె.

నా మనసు కోడలి వైపే. అయినా అత్తగారి మాట కొట్టిపారేయలేను. 2011 జనాభా లెక్కల నాటికి మన రాయగడ జిల్లాలో అక్షరం వచ్చిన ఆడవాళ్లు నూటికి 40 మంది కూడా లేరు. సవర గిరిజనుల పల్లె నుంచి పిల్ల కొండ దిగి చదువుకోవాలంటే హాస్టలు కావాలి, గడియ పడే మరుగుదొడ్డి కావాలి, తల్లికి ధైర్యం కావాలి. ఒడిశాలో గిరిజన ఆడపిల్లలు ఉండి చదువుకునే కన్యాశ్రమాలు, 2004లో మొదలైన కస్తూర్బా బాలికా విద్యాలయాలు ఆ అవసరానికి పుట్టినవే.

ఇంకో సంగతుంది. కలిసి చదివే బడిలో సైన్సు ల్యాబుకి ఓసారి తొంగి చూడండి. చాలాచోట్ల బ్యూరెట్, అదే ద్రవాన్ని కొలిచి వదిలే గాజు గొట్టం, అబ్బాయి చేతిలో ఉంటుంది, అమ్మాయి పక్కన నిలబడి రీడింగులు రాస్తుంటుంది. ఎవరూ చెప్పరు, వాళ్లే అలా సర్దుకుంటారు. ఆడపిల్లల బడిలో బ్యూరెట్టూ తనదే, రికార్డూ తనదే. ఆ చొరవకి ఓ ఉదాహరణ చెప్తాను: 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన 13 ఏళ్ల మాలావత్ పూర్ణ తాడ్వాయి ఆడపిల్లల గురుకులంలో చదివిన పిల్లే. ఆమెతో శిఖరం ఎక్కిన ఆనంద్ కుమార్ మరో గురుకులం కుర్రాడు. బళ్లు వేరైనా కొండెక్కే శిక్షణ ఇద్దరూ కలిసే పొందారు. నాకు నచ్చింది అదే!

మరి మగపిల్లలో? ఈ చర్చలో వాళ్ల ఊసే రాదు, నాకు ఒళ్లు మండేది అక్కడే. పదేళ్లు మగపిల్లల హాస్టల్లో పెరిగినవాడు అమ్మాయి ఎదురైతే నోరు పెగలక నిలబడతాడు, లేదా వెకిలిగా మాట్లాడతాడు. తనకన్నా లెక్కలు బాగా చేసే అమ్మాయిని వాడు చూసిందెక్కడ? నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచే ఇద్దరూ ఒకే క్లాసులో చదువుతారు, ఒకే మెస్సులో తింటారు. అక్కడ ఆ బెరుకుకి చోటు తక్కువ.

కలిసి చదివే మంచి బడి అందుబాటులో ఉంటే నా ఓటు దానికే. లేకపోతే పిల్లని ఆడపిల్లల హాస్టలుకే పంపండి, చదువు మాత్రం మాన్పించకండి. కొడుకున్న తల్లులూ, వాణ్ణి మగపిల్లల బడిలో వేసే ముందు ఇంకోసారి ఆలోచించండమ్మా.