బడి గేటు దగ్గర 13 మీటర్లు



గత నెల ఏడో తరగతికి వేగం పాఠం చెబుతూ పిల్లలను గ్రౌండ్‌లోకి తీసుకెళ్లాను. చేతిలో టేపు, సుద్దముక్కలు. ప్రశ్న ఒక్కటే: ఎదురుగా ఒక పిల్లాడు హఠాత్తుగా రోడ్డు మీదకు వస్తే కారు ఎంత దూరంలో ఆగుతుంది?

లెక్క ఇలా వేశాం. పిల్లాడిని చూసి బ్రేకు నొక్కడానికి డ్రైవర్‌కు సుమారు ఒక సెకను పడుతుంది. ఆ సెకను కారు అదే వేగంతో వెళుతూనే ఉంటుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగమైతే 8 మీటర్లు, 50 అయితే 14 మీటర్లు. బ్రేకు పడ్డాక, పొడి రోడ్డు మీద మొదటి కారు ఇంకో 5 మీటర్లలో ఆగుతుంది. రెండోదానికి మరో 14 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలు అవుతుంది మరి! మొత్తం మీద ఒకటి 13 మీటర్లలో, ఇంకోటి 28 మీటర్లలో ఆగుతుంది.

గీతలు గీశాక పిల్లలే ఒక విషయం పట్టుకున్నారు. 30లో వచ్చే కారు 13వ మీటరు దగ్గర పూర్తిగా ఆగిపోయింది. 50లో వచ్చే కారుకు అక్కడ ఇంకా బ్రేకే పడలేదు. ఆ గీత మీద నిలబడ్డ అమ్మాయి, "మేడమ్, లేటయితే మా నాన్న 50 మీదే వస్తారు" అంది. లేటయిన రోజు నా స్కూటీ కూడా అలాగే వస్తుందని నాకు గుర్తొచ్చింది.

2020లో స్టాక్‌హోంలో జరిగిన అంతర్జాతీయ రోడ్డు భద్రత సదస్సు కూడా, నడిచేవాళ్లు, సైకిళ్లు, వాహనాలు కలిసి తిరిగే చోట్ల వేగం 30 దాటకుండా చూడాలని కోరింది.

ఇప్పుడు సైకిళ్లకు పేరుపడ్డ నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలే. అప్పుడు తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి అడిగారు. క్రమంగా ఇళ్ల మధ్య వీధుల్లో వేగం తగ్గింది, సైకిళ్లకు విడిగా దారులు వచ్చాయి.

మనం చేయగలిగినవి:

1. గేటుకు 100 మీటర్ల ముందు నుంచే వేగం 30 లోపు ఉంచండి. ఇంటి నుంచి పది నిమిషాలు ముందు బయలుదేరితే ఇది కష్టం కాదు.

2. గేటుకు ఎదురుగా కారు ఆపకండి. ఆగిన కారు చాటు నుంచి వచ్చే పిల్లలు మిగతా డ్రైవర్లకు కనిపించరు. కాస్త దూరంగా ఆపి, చెయ్యి పట్టుకుని నడిపించండి.

3. ఫుట్‌పాత్ మీద బండి పెట్టకండి. పెడితే నడిచి వచ్చే పిల్లలు రోడ్డు మీదకు దిగాల్సి వస్తుంది.

4. మీ వీధిలో స్పీడ్ బ్రేకర్, జీబ్రా క్రాసింగ్ కావాలంటే నలుగురూ సంతకాలు చేసి మున్సిపాలిటీకి వినతిపత్రం ఇవ్వండి.

ఈ ఆదివారం టేపు తీసుకుని, ఇంటి ఆవరణలోనో దగ్గరి మైదానంలోనో మీ పిల్లలతో 13, 28 మీటర్ల గీతలు గీయించండి. 13 దగ్గర మీ పిల్లలను నిలబెట్టి, మీరు 28 దగ్గర నిలబడండి. మిగతా పాఠం వాళ్లే మీకు చెబుతారు.