క్యాంపులో పేరు రాసే ముందు

హైదరాబాద్

చిన్నా,

డ్యూటీ మధ్యలో ఫోన్ చేశావు, సగం మాట కూడా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. మీ కాలేజీలో వచ్చే వారం మూలకణ దాతల క్యాంపు ఉంది, ఫ్రెండ్సంతా పేర్లు రాస్తున్నారు, నేనూ రాయనా అత్తా అని అడిగావు. రాయి. కాకపోతే ముందు మీ అమ్మతో మాట్లాడి రాయి.

క్యాంపులో జరిగేది ఏమంత ఉండదు. ఫారం మీద సంతకం పెట్టి, దూదిపుల్లతో బుగ్గ లోపల రుద్దుకుని ఇస్తావు. దాంట్లోంచి నీ హెచ్ఎల్ఏ టైపు, అంటే మూలకణ మార్పిడి కావలసిన రోగితో కలవాల్సిన కణాల గుర్తు, తేల్చి రిజిస్ట్రీలో ఉంచుతారు. చెన్నై కేంద్రంగా 2009లో మొదలైన దాత్రి లాంటి సంస్థలు చేసే పని ఇదే. ఈ టైపుకీ బ్లడ్ గ్రూపుకీ సంబంధం లేదు. గ్రూపు వేరైనా ఇవ్వొచ్చు, మార్పిడి కుదిరాక కొన్నాళ్ళకి రోగి గ్రూపే దాత గ్రూపుగా మారిపోతుంది. ఇన్నేళ్ళ ఆస్పత్రి సర్వీసు తర్వాత కూడా నాకిది వింతగానే ఉంటుంది.

ఈ టైపు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. అందుకని తోడబుట్టిన ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. ఇంటికి ఒకరో ఇద్దరో పిల్లలున్న ఈ రోజుల్లో చాలామందికి బయటివాళ్ళలో వెతకక తప్పదు, వాళ్ళు కూడా సాధారణంగా ఒకే మూలాలవాళ్ళలో దొరుకుతారు. అమెరికా రిజిస్ట్రీ లెక్కల్లో తెల్లవాళ్ళకి దాత దొరికే అవకాశం 79 శాతమైతే, ఆసియా మూలాలవాళ్ళకి 47. అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళ పిల్లలకి జబ్బు చేసినా, సరిపడే మనిషి ఇక్కడ మీ హాస్టల్లో ఉండొచ్చు.

నాయనమ్మ వింటే "వెన్నులో సూది గుచ్చి మూలుగ లాగేస్తారట" అంటుంది. వెన్ను జోలికి ఎవరూ పోరు. మూలుగే కావలసి వస్తే పూర్తి మత్తిచ్చి, నడుం కింద తుంటి ఎముకలోంచి తీస్తారు. ఇప్పుడు ఎక్కువగా తీసేది రక్తంలోంచే. ముందు నాలుగైదు రోజులు రోజూ ఇంజెక్షన్ ఇస్తారు. దాంతో మజ్జలోని మూలకణాలు పెరిగి రక్తంలోకి వస్తాయి. ఆ రోజుల్లో నడుము, తుంటి సలుపుతాయి, తలనొప్పి, జ్వరం వచ్చే ముందుండే నలత. పారాసెటమాల్‌తో చాలామంది నెట్టుకొస్తారు. ప్లీహం కాస్త వాచే వీలుంది కాబట్టి అన్నాళ్ళూ నీ కబడ్డీ బంద్.

తీసే రోజు మా ఆస్పత్రిలో పడుకోబెడతాం. ఒక చేతిలోంచి రక్తం మెషిన్‌లోకి వెళ్తుంది, అది గిరగిరా తిప్పి మూలకణాలున్న పొరను సంచిలోకి తీసుకుని, మిగతాది రెండో చేతిలోకి పంపేస్తుంది. నాలుగైదు గంటలు. చేతులు మడవకూడదు, ముక్కు దురద పుడితే నేనే గోకాలి! రక్తం గడ్డ కట్టకుండా కలిపే మందు వల్ల పెదాలు చిమచిమలాడతాయి, వెంటనే చెప్తే కాల్షియం ఇస్తాం. ఒక్కోసారి మర్నాడు మళ్ళీ రావాలి. చివరికి తయారయ్యేది పల్చటి టమాటా రసం రంగులో చిన్న సంచి, అంతే. పోయిన కణాలు కొద్ది వారాల్లో నీ ఒంట్లో మళ్ళీ తయారవుతాయి. నీకు రూపాయి ఖర్చుండదు, రూపాయి రాదు కూడా.

ఇక నా బెంగ. పేరు రాసిన చాలామందికి, రోగితో టైపు కలిసిందని రిజిస్ట్రీ నుంచి ఎప్పటికీ ఫోన్ రాదు. కొందరికి ఎప్పుడో పదేళ్ళకి వస్తుంది, అప్పటికి ఉద్యోగం, పెళ్ళి, అత్తగారిల్లు. అటు రోగి ఇంట్లో దాత దొరికాడని దేవుడికి కొబ్బరికాయ కొట్టేసి ఉంటారు, ఇటు దాత ఇంట్లో అప్పుడే మొదటిసారి విని గోల. సెల్ఫీ బోర్డు పెట్టి గబగబా సంతకాలు చేయించుకునే క్యాంపులంటే నాకు గిట్టనిది అందుకే.

ఏ దశలోనైనా వద్దనే హక్కు నీకుంది, ఎవరూ బలవంతం చెయ్యరు. కానీ ఒక గీత గుర్తుంచుకో. మార్పిడికి ముందు రోగికి పెద్ద డోసు కీమో ఇచ్చి అతని మజ్జను పూర్తిగా చంపేస్తారు. అది మొదలయ్యాక నువ్వు వెనక్కి తగ్గితే అతను బతకడం కష్టం. అనుమానముంటే మొదటి ఫోన్‌కే కాదని చెప్పెయ్, నేను ఒక్క మాట అనను. ఒప్పుకున్నాక మాత్రం నిలబడాలి.

అన్నయ్య సరేనంటాడు. వదినే భయపడుతుంది, అందులో తప్పేం లేదు. ఆదివారం భోజనాలయ్యాక విషయం ఎత్తి నాకు వీడియో కాల్ కలుపు, ఆవిడ అడిగినవన్నీ నేను చెప్తాను. ఫారంలో నీ నంబరుతో పాటు అమ్మ నంబరు కూడా రాయి, నువ్వు ఆర్నెల్లకో సిమ్ మారుస్తావు.

మీ అత్త