కాలిఫోర్నియా బడుల బడ్జెట్‌లో పింఛను వాటా

అమెరికాలో ప్రభుత్వ బడులను నడిపేది ఎక్కువగా స్కూల్ డిస్ట్రిక్ట్‌లే (బడుల కోసం ఏర్పడ్డ స్థానిక పాలక విభాగాలు). కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13 అనే ప్రతిపాదన, వాటి స్థానిక ఆదాయమైన ఆస్తిపన్నును కట్టడి చేయడంతో డిస్ట్రిక్ట్‌లు రాష్ట్ర నిధులపై ఆధారపడ్డాయి. 1988లో ప్రొపొజిషన్ 98 విద్యకు కనీస కేటాయింపు ఖాయం చేసింది.

అసలు చిక్కు పింఛనుది. ఉపాధ్యాయుల పింఛను సంస్థ కాల్‌స్టర్స్ (1913) పెట్టుబడులు 2008 సంక్షోభంలో బాగా దెబ్బతిన్నాయి. చందా రేట్లు పెంచాల్సిన శాసనసభ ఏళ్ల తరబడి తాత్సారం చేసింది. చివరికి 2014లో ఏబీ 1469 చట్టం వచ్చింది. దాని ప్రకారం ఉపాధ్యాయుల జీతాలపై డిస్ట్రిక్ట్‌లు కట్టే వాటా 8.25 శాతం నుంచి విడతలుగా పెరిగి 2022-23లో 19.1 శాతానికి చేరింది. లక్ష డాలర్ల జీతానికి 19,100 డాలర్లన్నమాట! రాష్ట్రం పెంచిన గ్రాంటులో కొంత ఇటే మళ్లుతుంది.

గమనిక: కాలిఫోర్నియా ఉపాధ్యాయుల కొలువుకు సోషల్ సెక్యూరిటీ (ఫెడరల్ పింఛను పథకం) వర్తించదు కాబట్టి, అది వర్తించే రాష్ట్రాల రేట్లతో ఈ రేటును నేరుగా పోల్చకూడదు.