‘ముందు సెర్చ్ చెయ్’ అనే రిప్లై వెనక ఏముంది? ఫోరమ్‌లలో కొత్తవాళ్లు ఎందుకు నిలబడరు?

ఫోన్ రూట్ చేసినవాళ్లలో, కస్టమ్ రోమ్ వేసినవాళ్లలో చాలామంది ఒక్కసారైనా తిన్న రిప్లై ఇది: ‘ముందు సెర్చ్ చెయ్’. నేను 2017లో తిన్నాను. ఈమధ్య నేనే ఇంకొకరికి పెట్టాను. అందుకే ఈ ఆర్టికల్.

అప్పుడు నేను బీటెక్ ఫస్ట్ ఇయర్. చంపాపేట్‌లో మా ఇంట్లో రాత్రి ఒంటిగంటకి కొత్త రెడ్‌మీ నోట్ 4లో టీడబ్ల్యూఆర్‌పీ రికవరీ ఎక్కించాను. సిస్టమ్‌లో మార్పులకి ఒప్పుకుంటావా అని అడిగితే చదవకుండా స్వైప్ చేసేశాను. రీస్టార్ట్ కొడితే ఎంఐ లోగో దగ్గరే ఆగిపోయింది. ఫోన్‌కి నాన్న ఇంకా నాలుగు ఈఎంఐలు కట్టాలి. ఒక ఫోరమ్‌లో అకౌంట్ తెరిచి, నాకొచ్చిన ఇంగ్లీష్‌లో ‘ఫోన్ ఓపెన్ అవ్వట్లేదు, హెల్ప్ చేయండి’ అని రాశాను. ఇరవై నిమిషాల్లో జవాబు వచ్చింది. సెర్చ్ చెయ్, రూల్స్ చదువు అని. కింద థ్రెడ్‌కి తాళం.

సెర్చ్ చేశాను, చేయకుండా ఏం లేదు. నాకు తెలిసిన మాట ‘లోగో దగ్గర ఆగిపోయింది’ ఒక్కటే. నాకు కావాల్సిన మాట ‘డీఎం-వెరిటీ’. సిస్టమ్ పార్టిషన్‌ని ఎవరైనా మార్చారా అని ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు చెక్ చేసే ఏర్పాటు అది. మార్పు కనిపిస్తే ముందుకి పోనివ్వదు. ఆ పేరు తెలిసినవాడికి పరిష్కారం ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. కానీ ఆ పేరు తెలిసినవాడు అసలు ఆ ప్రశ్నే అడగడు కదా!

పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రిపేర్ షాపుకి వెళ్లాను. ఆయన ఫోన్ చూడకముందే నా మొహం చూశాడు. “ఏమన్నా ఫ్లాష్ కొట్టినవా తమ్మీ? నిజం చెప్పు. ఆఖరికి ఏం నొక్కినవ్?” చెప్పాను. ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి గంటలోపే ఇచ్చేశాడు, మూడొందలు తీసుకున్నాడు. ఫోరమ్‌వాళ్లకి కావాల్సిన వివరాలూ అవే. ఆయన అడిగి తెలుసుకున్నాడు, వాళ్లు అడగలేదు.

పాత సభ్యుల వైపు నుంచి కూడా చూద్దాం. ఒకే ప్రశ్న రెండొందల సార్లు చూస్తే ఎవరికైనా విసుగొస్తుంది. ఈ విసుగు ఇంటర్నెట్ అంత పాతది. యూజ్‌నెట్ రోజుల్లో ప్రతి సెప్టెంబర్‌లో అమెరికా కాలేజీల్లో చేరిన కొత్త స్టూడెంట్స్ వచ్చి పడేవాళ్లు. కొన్ని వారాల్లో పద్ధతి నేర్చుకుని కలిసిపోయేవాళ్లు. 1993 సెప్టెంబర్ తర్వాత మామూలు ఇంటర్నెట్ కస్టమర్లు కూడా ఆగకుండా రావడంతో, పాతవాళ్లు దానికి ‘ఎప్పటికీ ముగియని సెప్టెంబర్’ అని పేరు పెట్టుకున్నారు.

విసుగుకి తోడు స్పామ్ ఒకటి. అందుకే గేట్లు వచ్చాయి. ఒకప్పుడు ఎక్స్‌డీఏలో 10 పోస్టులు పూర్తి చేయనివాళ్లు డెవలప్‌మెంట్ విభాగాల్లో రాయడానికి వీలుండేది కాదు. ఇలాంటి లెక్క పెడితే ఏమవుతుందో ఊహించొచ్చు. ‘థాంక్స్’, ‘సూపర్’ అని పది చోట్ల రాసేసి లోపలికి వచ్చేస్తారు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో వేరేవాళ్ల పోస్టు కింద కామెంట్ రాయాలంటే 50 రెప్యుటేషన్ పాయింట్లు కావాలి. జవాబు రాయడానికి మాత్రం సాధారణంగా అవి అక్కర్లేదు. దాంతో కొత్తవాడు తన చిన్న సందేహాన్ని జవాబు బాక్సులో రాస్తాడు. అది జవాబు కాదని తీసేస్తారు. తప్పు ఎవరిది? 2018 ఏప్రిల్‌లో ఆ కంపెనీయే తమ సైట్ కొత్తవాళ్లని సరిగ్గా ఆహ్వానించట్లేదని బహిరంగంగా ఒప్పుకుంది. అదే ఏడాది కొత్తవాళ్ల పోస్టుల మీద ‘న్యూ కంట్రిబ్యూటర్’ అనే గుర్తు పెట్టింది.

డిస్కోర్స్ సాఫ్ట్‌వేర్ ఇక్కడ కొంచెం తెలివిగా ఆలోచించింది. కొత్త సభ్యుడు మొదటి మెట్టు ఎక్కడానికి రాయాల్సిన పనిలేదు, చదివితే చాలు. మామూలు సెట్టింగ్స్‌లో 5 టాపిక్‌లు తెరవాలి, 30 పోస్టులు, మొత్తం 10 నిమిషాలు చదవాలి. నాకు నచ్చింది. కానీ మూడో మెట్టు దగ్గర మళ్లీ పాత కథే. గత 100 రోజుల్లో 50 రోజులైనా రావాలి, రాకపోతే కిందకి దింపేస్తుంది. ఉద్యోగం, పెళ్లి, చిన్నపిల్లలు ఉన్నవాడు వారానికి ఒకసారి వస్తాడు. వాడికి తెలిసింది తగ్గిపోతుందా?

ఈ మొదటి అనుభవం ఎంత ఖరీదైనదో వికీపీడియాలో కనిపించింది. ఇంగ్లీష్ వికీపీడియాలో చురుగ్గా రాసేవాళ్ల సంఖ్య 2007 తర్వాత తగ్గుతూ వచ్చింది. ఆరన్ హాఫేకర్, ఆయన తోటివాళ్లు 2013లో ప్రచురించిన పరిశోధనలో ఒక ముఖ్య కారణం చూపించారు. మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ల మార్పుల్ని కూడా తిప్పికొట్టడం, అందులో ఆటోమేటిక్ టూల్స్ పాత్ర. తిప్పికొట్టించుకున్నవాళ్లు మళ్లీ రావట్లేదు. కొత్తవాళ్లు భయం లేకుండా అడిగేందుకు 2012లో అక్కడ ‘టీహౌస్’ అనే పేజీ మొదలుపెట్టారు.

మన తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్ 9న మొదలైంది. మొదలుపెట్టిన వెన్న నాగార్జున, పద్మ అనే లిపి మార్పిడి టూల్ తయారుచేసిన ఇంజనీర్. అక్కడ చర్చించుకునే పేజీ పేరు రచ్చబండ. కొత్త సభ్యుడి చర్చ పేజీలో ఒక స్వాగత సందేశం పెడతారు. ఎక్కడ ఏం చదవాలో అందులోనే ఉంటుంది. ఇరుక్కుపోతే ‘సహాయం కావాలి’ అనే మూస మీ పేజీలో పెట్టండి, ఎవరో ఒకరు వచ్చి చూస్తారు అన్నది పద్ధతి. అంటే సాయం దొరికే చోటు వెతుక్కునే భారం కొత్తవాడి మీద వేయలేదు. మన టెక్ గ్రూపుల్లో ఇది లేదు. పిన్ చేసిన మెసేజ్ ఉంటుంది, అదీ ఇంగ్లీష్‌లో, నలభై లైన్లు.

ఇప్పుడు నా సంగతి. నేనున్న ఒక టెలిగ్రామ్ గ్రూప్‌లో పోయిన నెల ఒక అబ్బాయి ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేశాడు: అన్నా, ఫోన్ ఆన్ అవ్వట్లేదు, ఇంట్లో తెలిస్తే చంపేస్తారు. నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. ‘పిన్డ్ మెసేజ్ చదువు’ అని కొట్టేశాను. రెండు రోజుల తర్వాత గుర్తొచ్చి వెతికితే గ్రూప్‌లో లేడు. ఫోన్ ఏమైందో తెలీదు.

ఆ తర్వాత మూడు ప్రశ్నలు తెలుగులో రాసి సేవ్ చేసుకున్నాను. మోడల్ ఏది? చివరిగా ఏం చేశావు? ఇప్పుడు స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది? మీరు అడిగేవాళ్లయితే ఈ మూడూ మొదటి మెసేజ్‌లోనే పెట్టండి, జవాబు త్వరగా వస్తుంది. మీరు పాతవాళ్లయితే కాపీ చేసుకోండి, పేస్ట్ చేయడానికి పట్టే టైమ్ ‘సెర్చ్ చెయ్’ అని కొట్టడం కంటే తక్కువ.

అదే గ్రూప్‌లో 90 రోజులు మాట్లాడనివాళ్లని బాట్ తీసేస్తుంది. పాత మోడల్స్ ఫైల్స్ దాచిపెట్టి, ఆరునెలలకోసారి వచ్చి ఒకే ఒక్క లింక్ ఇచ్చి వెళ్లే మనిషి కూడా అలాగే పోయాడు. బాట్ ఆపేద్దామని అడ్మిన్‌లని అడిగాను. ఐదుగురిలో ఇద్దరు సరే అన్నారు, మిగతావాళ్లు ఇంకా మెసేజ్ చూడలేదు.