మన సైటు పాచిపోకుండా పన్నెండు చిట్కాలు

సైదాబాద్‌లో మా కాలనీ సంఘానికి ఓ వెబ్‌సైటు ఉంది. నిరుడు ముసురు రోజుల్లో తెరిచి చూస్తే మొదటి పేజీలో ఉగాది శుభాకాంక్షలు కనిపించాయి. అది ఏ సంవత్సరం ఉగాదో చెప్పేవాళ్లు కూడా లేరు. "నీకు కంప్యూటర్ వచ్చు కదా బాబూ, ఇక నువ్వే చూసుకో" అని పెద్దలు ఆ బరువు నా నెత్తిన పెట్టారు. ఉద్యోగం చేసుకుంటూ రోజూ కూర్చుని రాయడం నావల్ల కాదు. అందుకే ఫీడ్‌లను నమ్ముకున్నాను. కొన్ని తప్పులు చేశాక తెలిసిన సంగతులివి. దుకాణం సైటుకైనా, ట్యూషన్ సెంటర్ సైటుకైనా, గుడి కమిటీ సైటుకైనా పనికొస్తాయి.

1. ముందు ఫీడ్ అంటే ఏమిటో తెలుసుకోండి. ఒక సైటులో కొత్తగా వచ్చినవాటి శీర్షిక, లింకు, నాలుగు ముక్కల సారాంశం, తేదీ వరుసగా రాసి ఉంచిన ఫైలే ఫీడ్. మన సైటు అప్పుడప్పుడు వెళ్లి ఆ ఫైలు చదివి, కొత్తవి తెచ్చి చూపిస్తుంది. 1999లో నెట్‌స్కేప్ మొదలుపెట్టిన ఆర్ఎస్ఎస్ ఒక రకం, 2005లో ప్రమాణంగా వచ్చిన ఆటమ్ ఇంకో రకం. రెండింటినీ చదవగల పనిముట్లే ఎక్కువ కాబట్టి ఏదైనా ఫర్వాలేదు. ఫీడ్‌లు చదువుకునే గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడినప్పుడు ఫీడ్‌ల కథ ముగిసిందన్నారు. కానీ ఈనాటికీ పాడ్‌కాస్టులు నడిచేది ఆర్ఎస్ఎస్ మీదే.

2. కూడలిని గుర్తు చేసుకోండి. ఈ పద్ధతి తెలుగువాళ్లకు కొత్త కాదు. కంప్యూటర్‌లో తెలుగు టైపు చేసే లేఖినిని తయారుచేసిన వీవెన్ గారే తెలుగు బ్లాగుల కూడలిని కూడా నడిపారు. ఎక్కడెక్కడి తెలుగు రాతలూ ఫీడ్‌ల ద్వారా ఆ ఒక్క పేజీలో కనబడేవి. ఇష్టమైన శీర్షిక నొక్కితే రాసినవాళ్ల ఇంటికే వెళ్లేవాళ్లం. జల్లెడ, హారం, మాలిక కూడా ఇదే దారిలో నడిచాయి. అతిథిని గుమ్మం దాకా తీసుకెళ్లి వదలాలన్న ఆ మర్యాదే మనమూ పాటించాలి.

3. ఫీడ్ చిరునామా పట్టుకోవడం సులువే. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైటైతే చిరునామా చివర ఒక ఏటవాలు గీత (/) పెట్టి 'ఫీడ్' అని ఇంగ్లీషులో కొట్టి చూడండి, చాలాసార్లు తెరుచుకుంటుంది. ప్రతి యూట్యూబ్ చానల్‌కీ ఒక ఫీడ్ ఉంటుంది, అందులో తాజా 15 వీడియోలు వస్తాయి. కొన్ని సైట్లలో నారింజ రంగు గుర్తు కనిపిస్తుంది. ఏదీ దొరకకపోతే పేజీ సోర్సు తెరిచి 'ఆర్ఎస్ఎస్' అన్న ఇంగ్లీషు అక్షరాల కోసం వెతకండి.

4. ముప్పై వద్దు, మూడు చాలు. మొదట్లో ఆశకొద్దీ సినిమా, క్రికెట్, షేర్లు అన్నీ తగిలించాను. పేజీ మదన్నపేట మండీలా అయింది, కావలసింది మాత్రం కనబడలేదు. ఇప్పుడు ఒక్కటే ప్రశ్న వేసుకుంటాను: ఇది మా గల్లీలో ఎవరికైనా పనికొస్తుందా? కేంద్ర ప్రభుత్వ పథకాల కోసం ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో (పీఐబీ) తెలుగు ప్రకటనలు ఉంచాను. వానలు, పిడుగుల హెచ్చరికలకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే సచేత్ ఫీడ్ పెట్టాను. నగరాన్ని ముంచెత్తిన 2020 అక్టోబరు వానలు చూసిన హైదరాబాదీకి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

5. కూరగాయలు తెచ్చుకోండి, పక్కింటి కూర గిన్నె ఎత్తుకురాకండి. ఫీడ్ ఇచ్చారంటే మొత్తం వ్యాసం మనకు రాసిచ్చినట్టు కాదు. రాత మీద హక్కు రాసినవాళ్లదేనని 1957 నాటి కాపీరైట్ చట్టం చెబుతోంది. శీర్షిక, ఒకటి రెండు వాక్యాలు, మూలం పేరు, లింకు, అంతవరకే చూపించండి. ఎవరి షరతులు వాళ్లవి. గూగుల్ న్యూస్ ఫీడ్‌నే తీసుకోండి, అది సొంతంగా చదువుకోవడానికే తప్ప వ్యాపారానికి కాదని అందులోనే రాసి ఉంటుంది. అనుమానం ఉంటే ఒక మెయిల్ పెట్టి అడిగితే పోయేదేముంది?

6. పదే పదే తలుపు కొట్టకండి. నిమిషానికోసారి ఫీడ్ తెప్పించుకుంటే అవతలి సర్వర్‌కు విసుగు, మన పేజీకి నత్తనడక. మారిందా లేదా అని మాత్రమే అడిగే పద్ధతి ఉంది. మారకపోతే అవతలివాళ్లు '304' అని ఒక్క ముక్క చెప్పి పంపేస్తారు. వర్డ్‌ప్రెస్ తనంతట తానుగా ఒకసారి తెచ్చిన ఫీడ్‌ను 12 గంటలు దాచుకుని అదే చూపిస్తుంది. ప్రభుత్వ ప్రకటనలకు అది సరిపోతుంది. వాన హెచ్చరికకు మాత్రం ఆ గడువు తగ్గించాలి. మోకాళ్ల లోతు నీళ్లొచ్చాక "భారీ వర్ష సూచన" అని చూపిస్తే జనం నవ్వుతారు.

7. తెలుగు అక్షరం విరక్కుండా చూడండి. డేటాబేస్ యూటీఎఫ్-8లో లేకపోతే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు వరుస కడతాయి. అది సరిచేశాక ఇంకో తంటా ఉంది. సారాంశాన్ని 'ఇన్ని అక్షరాలు' అని కత్తిరించమంటాం. మన కంటికి 'స్త్రీ' ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి ఆరు ముక్కలు, 18 బైట్లు. నడిమికి కత్తెర పడితే 'స్త్' అని మిగులుతుంది. మా పేజీలో మహిళా పొదుపు సంఘాల వార్త సరిగ్గా ఇలాగే తెగింది. అక్షరాలు లెక్కపెట్టకుండా మాటలు లెక్కపెట్టి కత్తిరించమనండి, ఇరవై మాటలు చాలు.

8. గడియారం సరిచూడండి. చాలా ఫీడ్‌లు సమయాన్ని గ్రీనిచ్ లెక్కలో ఇస్తాయి. మనం దానికి అయిదున్నర గంటలు ముందుంటాం. సైటు సెట్టింగుల్లో కోల్‌కతా సమయం ఎంచుకోకపోతే సాయంత్రం 6 గంటలకు వచ్చిన హెచ్చరిక పగలు 12.30కి వచ్చినట్టు కనిపిస్తుంది. చూసినవాళ్లు పాతదేలే అనుకుని పక్కన పెట్టేస్తారు.

9. జల్లెడ పట్టండి. ఊరి పేరు పెట్టి వడపోయాలంటే ఒక్క రాత సరిపోదు. సైదాబాద్, సైదాబాదు, సయిదాబాద్, ఇంగ్లీషు స్పెల్లింగు, అన్నీ ఇవ్వండి. ఒకే వార్త రెండుసార్లు రాకుండా, ప్రతి అంశానికీ ఫీడ్‌లో ఉండే గుర్తింపును పోల్చి చూడమనండి. వారం దాటినవి వాటంతటవే తప్పుకోవాలి. గడువు తీరిన వాన హెచ్చరిక ఎండలో మెరుస్తుంటే అసలు హెచ్చరికను కూడా ఎవరూ నమ్మరు.

10. తోడు ఎంత మంచిదైనా పాలు మనవే కావాలి. ఫీడ్‌లతో పేజీ నింపేసి చేతులు దులుపుకుంటే గూగుల్ కూడా మెచ్చదు. సొంత విలువేమీ చేర్చకుండా ఎక్కడెక్కడివో తెచ్చి పోగేసిన పేజీల మీద 2024 మార్చిలో నిబంధనలు ఇంకా బిగించింది. వారానికి రెండు ముక్కలైనా మనం రాయాలి. ఐఎస్ సదన్ చౌరస్తా దగ్గర రోడ్డు తవ్వకం, బోనాల ఊరేగింపు వెళ్లే దారి, పోయిన పిల్లి దొరికిన కబురు, ఇవి ఏ ఫీడ్‌లోనూ రావు. పేజీలో పైభాగం వీటికివ్వండి, ఫీడ్ పెట్టె కింద ఉండనివ్వండి.

11. పుచ్చుకోవడమేనా, ఇవ్వండి కూడా. మన సైటుకూ ఫీడ్ ఉంటుంది. దాని లింకు మొదటి పేజీలో కనబడేలా పెట్టండి. చంపాపేట, సంతోష్‌నగర్ వైపు కాలనీలకు సైట్లుంటే వాళ్లు మన కబుర్లు చూపిస్తారు, మనం వాళ్లవి చూపిస్తాం. ట్రాఫిక్ ఎటు మళ్లించారో నలుగురికీ ఒకేసారి తెలుస్తుంది.

12. ఆదివారం టీ తాగుతూ ఒకసారి తనిఖీ చేయండి. మేము వాడుతున్న ఓ చిన్న సైటు చడీచప్పుడు లేకుండా మూతపడింది. ఆ పేరును మరెవరో కొనుక్కున్నారు. ఫీడ్ చిరునామా పాతదే, సరుకు మాత్రం మారిపోయింది. అమ్మవారి ఘటం ఫొటో కింద రమ్మీ ఆట ప్రకటన ప్రత్యక్షమైంది. సంఘం అధ్యక్షులవారి ఫోన్ వచ్చేదాకా నాకు తెలియనే తెలియదు. అప్పటినుంచి ప్రతి ఫీడ్ లింకూ వారానికోసారి నొక్కి చూస్తున్నాను. బయటినుంచి వచ్చే బొమ్మలు, కోడు లోపలికి రానివ్వకుండా ఉత్త అక్షరాలే తీసుకుంటున్నాను.

ఇంత చేశాక, మా సైటులో జనం దేన్ని ఎక్కువ చదువుతున్నారో చూశాను. పీఐబీ కాదు, వాన హెచ్చరికా కాదు. "రేపు నల్లా నీళ్లు రెండు గంటలు ఆలస్యం" అని నేను బస్సులో నిలబడి ఫోన్‌లో కొట్టిన ఒక్క లైను. ఫీడ్ పుణ్యమా అని సైటు రోజూ మారుతోందని జనానికి తెలిసింది కాబట్టే, ఆ లైను ఉన్న రోజున దాన్ని తెరిచారు.