సంతలో బట్టల అమ్మకము: చిన్న పెట్టుబడి, సరియైన లెక్క



మన ఇండ్లలో మగ్గము ఎప్పుడు నిలిచిపోవునో అందరికి తెలిసినదే. ఐప్పసి, కార్తిక మాసముల వానలకు గంజి పెట్టిన పడుగు ఆరదు. సరుకు అమ్ముడుపోక సొసైటీ బీరువాలు నిండినప్పుడు కొత్త నూలు ఆలస్యమగును. అట్టి వారములలో కూడ ఇంటికి రొక్కము కావలెను. అప్పు తెచ్చి తినుటకన్న చిన్న మూట కట్టుకొని వారపు సంతకు పోవుట మేలు కాదా అని పలువురు మమ్ములను అడుగుచున్నారు. మేలే. అయితే లెక్క తెలియక పోయినచో, సంత మన కూలిని మనకు తెలియకుండగనే తినివేయును. ఆ లెక్క నేర్పుటకే ఈ పాఠము.

1. ఎక్కడ కూర్చుండవలెను?

కోయంబత్తూరు వైపు నెగమం, సిరుముగై వారికి పొల్లాచి గురువారపు సంత మొదలు చిన్న ఊళ్ళ సంతలు అనేకము కలవు. ఈరోడులో సోమవారము సాయంకాలము మొదలై మంగళవారము వరకు జరుగు జవుళి సంత పెద్దది. అక్కడ టోకు బేరము ఎక్కువ. నలుబది తువ్వాళ్ళ మూటతో పోయినవానికి అది అమ్మకపు చోటు కన్న ధరలు తెలిసికొను చోటని తలచవలెను. ఒక్కసారి పోయి, మర మగ్గపు తువ్వాలు ఏ ధరకు పోవుచున్నదో చూచి రండి.

చిన్నాళపట్టి, మధుర వైపు వారికి ఉత్సవములే పెద్ద సంతలు. మధురలో చిత్తిరై ఉత్సవము, కోయంబత్తూరులో మాసి నెల కోనియమ్మన్ రథోత్సవము, ఇరువైపుల వారికి అందుబాటులో పళని తైపూసము, పంగుని ఉత్తిరము. పళనికి నడచి వచ్చు భక్తులు ఆకుపచ్చ, కాషాయ బట్టలు కట్టుదురు. కార్తిక, మార్గళి మాసములలో అయ్యప్ప దీక్షవారు నలుపు, నీలి పంచెలు అడుగుదురు. ఏ నెలలో ఏ రంగు పోవునో తెలిసినవాడు రెండు నెలలు ముందుగానే పడుగు వేయును.

చేసినవాడే అమ్ముకొనుట నూతన విషయము కాదు. 1999 జనవరిలో ఆంధ్రప్రదేశములో రైతు బజారులు మొదలైనవి. అదే సంవత్సరము నవంబరు 14న మధుర అన్నానగరులో తమిళనాటి మొదటి ఉళవర్ సందై తెరువబడినది. రైతు తన కూరగాయలను తానే తూచి అమ్ముచున్నాడు. నేతగాడు తన తువ్వాలును తానే అమ్ముట అటువంటిదే.

2. ఏ సరుకు తీసికొని పోవలెను?

ఖరీదైన చీరలు సంతకు తగవు. కోవై కోరా చీరకు 2014లోను, నెగమం నూలు చీరకు 2023లోను భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి చీరను నేలపై పరచి బేరమాడించినచో దాని విలువ మనమే తగ్గించినట్లగును. సంతకు వచ్చువాడు చేతిలోని చిల్లరతో కొను సరుకు కావలెను: తువ్వాలు, చేతిగుడ్డ, లుంగీ, పిల్లల దుప్పటి. మొదట ఒకే రకము, రెండు మూడు రంగులలో తీసికొని పోండి. పది రకములు పరచినచో పెట్టుబడి చెదరిపోవును, మిగులు సరుకు పెరుగును.

3. లెక్క

ఈ క్రింది అంకెలు ఏ ఊరి ధరలు కావు. లెక్క వేయు తీరు చూపుటకు మాత్రమే. మీ ధరలు మీరు వేసికొనవలెను.

ఒక తువ్వాలుకు నూలు రూ. 55, రంగు, గంజి రూ. 10, ఇంటివారి కూలి రూ. 50. అసలు రూ. 115. అమ్మకపు ధర రూ. 150.
సంత ఖర్చు: బస్సు, మూట కూలి రూ. 120, ఆశీలు రూ. 50, భోజనము రూ. 80. మొత్తము రూ. 250.
అమ్మువాని దినకూలి రూ. 400.

నలుబది తువ్వాళ్ళకు చేతి నుండి పోవు రొక్కము రూ. 2,600. సంత ఖర్చుతో కలిపి రూ. 2,850. అనగా మూడు వేల లోపు పెట్టుబడితో మొదలు పెట్టవచ్చును.

ఒక దినమున 20 తువ్వాళ్ళు అమ్మినారనుకొందము. చేతికి రూ. 3,000 వచ్చును. నూలు, రంగు, గంజికి రూ. 1,300, సంత ఖర్చు రూ. 250 తీసివేయగా రూ. 1,450 మిగులును. ఇదంతయు లాభమని సంతోషించువారు కలరు. ఆసు పోసిన తాత, కండెలు చుట్టిన అమ్మ, నేసిన చెయ్యి, వీరి కూలి రూ. 1,000 అందులోనే ఉన్నది. ఎండలో కూర్చున్న దినకూలి రూ. 400 కూడ అందులోనే ఉన్నది. అవి తీసివేయగా నిజమైన లాభము రూ. 50 మాత్రమే.

ఇంటివారి కూలికి ఎవరును చీటీ వ్రాయరు కావున అది మరపునకు వచ్చును. మరచినవాడు ధర తగ్గించును. ధర తగ్గినచో ఏమగునో చూడుడు. రూ. 150 చొప్పున 19 తువ్వాళ్ళు పోయినచో అందరి కూలి గిట్టును. రూ. 140 చొప్పున అయితే 26 పోవలెను. రూ. 130 చొప్పున అయితే 44 పోవలెను. మూటలో ఉన్నవే నలుబది! కావున ఇంటి నుండి బయలుదేరు ముందే కడపటి ధర నిర్ణయించుకొని, దానికి క్రిందికి దిగకూడదు. బేరమాడువానికి ఒకటికి తగ్గించుటకన్న "జత రూ. 290" అనుట మేలు. అట్లయిన 22 తువ్వాళ్ళతో కూలి గిట్టును.

4. సంఘపు నూలు

సంఘము ఇచ్చిన నూలుతో నేసిన బట్ట సంఘమునకే చెందును. దానిని సంతలో అమ్ముకొన్నచో ఒక కుటుంబము గడచును, కాని సంఘపు లెక్క తప్పి తక్కిన సభ్యుల నూలు నిలిచిపోవును. ఇందులో మొగమోటము లేదు. సంతకు నేయునది సొంత రొక్కముతో కొన్న నూలు కావలెను, దాని రసీదు వేరుగా ఉంచవలెను. లేనిచో సంఘములో మిగిలిన సరుకును టోకు ధరకు అడిగి కొని అమ్మవచ్చును. అది ఇరువురికి మేలు.

5. చోటు, రసీదు, అప్పు

ఆశీలు కట్టినప్పుడెల్ల రసీదు అడుగుడు. పట్టణములలో వీధి అమ్మకమునకు 2014 నాటి వీధి వర్తకుల చట్టము ఉన్నది. దాని ప్రకారము పట్టణ వర్తక సంఘము ద్వారా అమ్మకపు ధ్రువపత్రము పొందవచ్చును. ఆ సంఘములో కనీసము నూటికి 40 మంది వర్తకులే ఉండవలెను. 2020లో మొదలైన పీఎం స్వనిధి పథకము క్రింద వీధి వర్తకులకు పూచీ లేని అప్పు దొరకును. 2025లో మార్చిన ప్రకారము మొదటి విడత రూ. 15,000 వరకు, అది తీర్చినచో రెండవది రూ. 25,000 వరకు, మూడవది రూ. 50,000 వరకు. అయితే నాలుగు సంతలు సొంత రొక్కముతో నడిపి, లెక్క నిలిచిన తరువాతనే అప్పు మాట తలపెట్టవలెను.

6. అమ్ము తీరు

మనకు ఇంట తెలుగు, అంగడిలో తమిళము. ఆ నేర్పు తరతరములుగా ఉన్నదే. కొనువానికి బట్ట అంచు చూపి, చేతిమగ్గమని చెప్పుడు. చేనేత ముద్ర 2006 నుండి ఉన్నది. సంఘపు సరుకునకు అది ఉన్నచో కనబడునట్లు పరచుడు. మర మగ్గపు బట్టను కలిపి చేనేత అని అమ్మకుడు. వారము వారము అదే చోట కూర్చుండువానికి మాటయే మూలధనము. అరువు ఇవ్వకుడు. వచ్చిన రొక్కములో నూలు సొమ్ము మొదట వేరు సంచిలో వేసి, ఆ పిమ్మటనే ఇంటి సామానులు కొనుడు.

అభ్యాసము

1. మీ ఇంటి తువ్వాలు ఒకటికి ఎవరెవరు ఎంతసేపు పని చేయుచున్నారో వ్రాసి, కూలి కట్టుడు.
2. మీకు దగ్గరి సంతకు పోయి వచ్చు ఖర్చు, దినకూలి కలిపి, ఎన్ని తువ్వాళ్ళు పోయినచో గిట్టునో లెక్కించుడు.
3. పది రూపాయలు తగ్గించినచో ఆ సంఖ్య ఎంత పెరుగునో చూడుడు.

చదువు వచ్చిన పిల్లలచేత ఈ లెక్క వ్రాయించుడు. గిట్టదని తేలినచో ఆ సంతకు పోకుండుటయు ఒక లాభమే. గిట్టునని తేలినవారు ఆ కాగితముతో మా కార్యాలయమునకు రండి. మిగులు సరుకు ధర, నూలు ధర చూచి తక్కిన ఏర్పాటు కలిసి ఆలోచించుదము.