కంఠగ్రంథియు కంటిచూపును

పిల్ల గ్రుడ్లు మిటకరించి చూచుచున్నదని మందలించుటకు ముందు, ఆ పిల్ల మెడను ఒకసారి పరికింపుడని తల్లిదండ్రులకు మా మనవి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయునప్పుడు గుండెదడ, చేతివణకులతోపాటు పైరెప్పలు మీదికి లాగుకొనిపోవును. 1835లో డబ్లిన్ వైద్యుడు గ్రేవ్స్ వర్ణించిన వ్యాధి యిదియే. దేహమును కాపాడవలసిన శక్తియే దారితప్పి, గ్రంథిని రెచ్చగొట్టుటయే గాక, కంటి వెనుకనున్న కండరములను, క్రొవ్వును వాచజేయును. అందుచే గ్రుడ్డు ముందుకు వచ్చును. పిల్లలలో నిది సాధారణముగా తేలికగనే యుండును. పెద్దలలో నొకప్పుడు నేత్రనాడి నొక్కుకొని చూపే పోవచ్చును. పొగత్రాగువారికి కీడు హెచ్చు. చుట్ట కాల్చు తాతగార్లు మమ్ము మన్నింతురు గాక! కాటుకతో నిది కుదురదు. రక్తపరీక్ష చేయించి, 1819లో చెన్నపట్టణమున నెలకొని నేడు ఎగ్మూరులో నున్న ప్రభుత్వ కంటి ఆసుపత్రిలోనైనను కన్నును చూపింపవచ్చును. రంగులు వెలిసినట్లు తోచినచో మాత్రము మరునాటి వరకు ఆగరాదు.